పన్ను మాకు, పని మీకు

విశాఖపట్నంలో కాపురం పెట్టినవాడికి ప్రభుత్వం మీద ఆధారపడే దుర్గుణం రమ్మన్నా రాదు. కుళాయి రాకపోతే బోరు వేయించుకుంటాడు. బోరులో ఉప్పునీళ్లు పడితే ట్యాంకరు తెప్పించుకుంటాడు. ట్యాంకరు నీళ్లు తాగబుద్ధి కాకపోతే ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటాడు. వీధి దీపం వెలక్కపోతే గేటుకి సొంత బల్బు పెట్టుకుంటాడు. పార్కులో గడ్డి మోకాలెత్తు పెరిగితే అపార్ట్‌మెంటు వాళ్లంతా తలా వంద వేసుకుని కోయిస్తారు. ఆ పార్కు గేటు మీద మాత్రం వేరెవరిదో ఫొటో నవ్వుతూ ఉంటుంది. ఇన్నీ చేసుకున్నాక ఏడాదికి రెండుసార్లు వెళ్లి ఇంటి పన్ను కడతాడు. ఎందుకయ్యా అంటే, కట్టకపోతే వడ్డీ పడుతుంది కదండీ అంటాడు.

ఇంతటి స్వావలంబన ఊరికే రాలేదు. దీని వెనక ప్రభుత్వాల సుదీర్ఘ తపస్సు ఉంది. 1997లో జన్మభూమి అన్నారు. తట్టా పారా పట్టుకుని మీ వీధి మీరే బాగు చేసుకోమన్నారు. 2022 ఆగస్టు 26న వేలమందిని సముద్రపు ఒడ్డుకి తెచ్చి ప్లాస్టిక్ ఏరించారు. అదే రోజు అప్పటి ముఖ్యమంత్రి గారు ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధం ప్రకటించారు. ఆ నిషేధం ఎంత బాగా అమలైందో తెలుసుకోవాలంటే ఏ నాయకుడి పుట్టినరోజునైనా మద్దిలపాలెం జంక్షన్‌కి వెళ్లి తలెత్తి చూస్తే చాలు. 2025 ఉగాదికి పేద కుటుంబాల్ని ఉన్నవాళ్లకు అప్పగించే పీ4 పథకం వచ్చింది. ఉన్నవాడు ‘మార్గదర్శి’, లేనివాడు ‘బంగారు కుటుంబం’, మధ్యలో ప్రభుత్వం పెళ్లిళ్ల పేరయ్య. పార్టీలు మారాయి, రంగులు మారాయి, ఉపదేశం మారలేదు: మీ బాగు మీరే చూసుకోండి, ఫొటోకి మేం వస్తాం.

కొన్ని పేటలకు ఈ స్వయంసమృద్ధి మరీ ఎక్కువగా అబ్బింది. ఓడరేవు 1933లో తెరుచుకుంది. అప్పటినుంచి ఊరికి అన్నం పెడుతోంది, కాదన్నవాడు పాపాత్ముడు. అన్నంతో పాటు బొగ్గు కూడా పెడుతోంది. రేవులో గుట్టలు పోసిన బొగ్గు మీదుగా సముద్రపు గాలి తిరిగిందంటే జ్ఞానాపురం, కాన్వెంట్ జంక్షన్, వన్ టౌన్ మేడలన్నిటికీ ఉచిత పంపిణీ. రేషన్ కార్డు అడగరు, వేలిముద్ర అడగరు. పొద్దున్న పాత చీర పరిచి పెట్టిన మినప వడియం సాయంత్రానికి నల్లబడుతుంది. వేలితో తుడిస్తే వేలు నల్లబడుతుంది. చీర ఉతికితే బకెట్లో నీళ్లు నల్లబడతాయి. “ఏటి సేత్తాం బాబూ, వడియాలు ఇంట్లో ఫ్యాను కింద ఎండబెట్టుకుంతన్నాం” అంటుంది అక్కడి ఇల్లాలు. ఎండ దండిగా ఉన్న ఊళ్లో కరెంటు బిల్లు కట్టి వడియం ఎండబెట్టుకోవడం కన్నా స్వావలంబన ఇంకేం కావాలి? ఆ దుమ్ము ఎవరిదండీ అని మాత్రం అడక్కండి. ఒకరు ఓడ వైపు చూపిస్తారు, ఒకరు లారీ వైపు చూపిస్తారు, ఇంకొకరు గాలి వైపు చూపిస్తారు. గాలికి నోటీసు ఇచ్చే సెక్షన్ ఏ చట్టంలోనూ లేదు కనక ఫైలు అక్కడితో ఆగుతుంది.

అడగడానికి దారి లేదనడం మాత్రం అన్యాయం. దారి ఉంది, సోమవారం సోమవారం తెరుస్తారు. ఒకప్పుడు దాన్ని గ్రీవెన్స్ అన్నారు. 2019లో స్పందన అన్నారు. 2023లో జగనన్నకు చెబుదాం అన్నారు. 2024లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అన్నారు. బోర్డు మారినప్పుడల్లా పెయింటరు బాగుపడ్డాడు. ఏ కాలనీ సంఘం కార్యదర్శినైనా కదిపి చూడండి. ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచిన రసీదులు తీసి మంచం మీద వరసగా పేరుస్తాడు. నాలుగు పేర్ల మీద నాలుగు రసీదులు, అన్నిటిలోనూ ఒకటే కాలువ. చివరి అర్జీకి ఫోనుకి మెసేజ్ కూడా వచ్చింది: మీ సమస్య పరిష్కరించబడింది. ఆ మెసేజ్ చదివే సమయానికి ఆయన చెప్పులు ఆ కాలువ నీళ్లలోనే తడుస్తున్నాయి. అర్జీలు రాయడంలో చెయ్యి తిరిగినవారు కూడా ఇక్కడున్నారు. కేంద్రంలో కార్యదర్శిగా చేసి వచ్చిన ఇ.ఎ.ఎస్. శర్మ గారు ఏళ్ల తరబడి భూముల మీద, కొండల మీద, తీరం మీద, ఉక్కు మీద ప్రభుత్వాలకు ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. ఏ సెక్షన్ కింద ఏం చెయ్యాలో అంతా తెలిసిన మనిషికే అన్ని ఉత్తరాలు రాయాల్సి వస్తే, కాలువ పక్క కార్యదర్శికి దిక్కెవరు?

అయినా అడుగుతూ ఉంటే ఒక్కోసారి పనవుతుంది. 2021 గాంధీ జయంతి నాడు క్లీన్ ఆంధ్రప్రదేశ్ పథకం మొదలైంది. చెత్త బళ్లు వచ్చాయి, బళ్ల వెనకే ఇంటికి నెలకు 120 రూపాయల చెత్త పన్ను వచ్చింది. చెత్త ఎత్తడానికే కదా ఇంటి పన్ను కడుతున్నాం, మళ్లీ ఇదేమిటని నివాస్, వార్వా లాంటి నివాసుల సంఘాలు అడిగాయి. అదే ఏడాది ఇంటి పన్నుకి అద్దె విలువ లెక్క తీసేసి ఆస్తి మూలధన విలువ లెక్క తెచ్చారు. భయపడకండి, ఏడాదికి 15 శాతానికి మించి పెంచం అని అభయమిచ్చారు. ఆ 15 శాతం మీద మరుసటి ఏడాది ఇంకో 15 శాతం కూర్చుంటుందని లెక్కల మాస్టార్లు వేలు మడిచి చెప్పాల్సి వచ్చింది. చివరికి 2024 గాంధీ జయంతి నాడు మచిలీపట్నంలో కొత్త ముఖ్యమంత్రి గారు చెత్త పన్ను రద్దని ప్రకటించారు. మహాత్ముడి పుట్టినరోజున పుట్టి, మహాత్ముడి పుట్టినరోజునే పోయింది. పన్నుకి ఇంతటి పుణ్యగతి! తీసేసినవాళ్లు తమ దయ అన్నారు. ‘కట్టం, పొమ్మను’ అని గుమ్మంలోంచే చెప్పి పంపిన గృహిణుల పేర్లు ఏ ఫ్లెక్సీ మీదా కనపడలేదు.

ఇక స్వావలంబన పాఠానికి అందరికన్నా పెద్ద విద్యార్థి కూర్మన్నపాలెం దగ్గరున్న ఉక్కు ఫ్యాక్టరీ. 1966లో దానికోసం అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నాడు, తెన్నేటి విశ్వనాథం ముందు నడిచాడు, పోలీసు కాల్పుల్లో 32 మంది ప్రాణాలు పోయాయి. అప్పుడు గానీ ఢిల్లీకి వినపడలేదు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. 64 ఊళ్ల జనం నేల వదులుకున్నారు. నేలకి బదులు పునరావాసం పేరున ఆర్ కార్డులు ఇచ్చారు. కొందరికి ఉద్యోగం దొరికింది, మిగిలినవాళ్లకి కార్డే మిగిలింది. తాత పేరున వచ్చిన కార్డు పట్టుకుని ఇప్పుడు మనవడు తిరుగుతున్నాడు. మరి ఫ్యాక్టరీ సంగతి? సున్నపురాయి జగ్గయ్యపేటలో ఉంది, డోలమైటు మాదారంలో ఉంది, మాంగనీసు గర్భాంలో ఉంది. ఇనుము కరిగించే ఫ్యాక్టరీకి ఇనుప ఖనిజం గని మాత్రం సొంతానికి లేదు. బైలడిల్లా నుంచి కిరండూల్ లైను మీద, అమ్మేవాడు చెప్పిన రేటుకి కొనుక్కుని తెచ్చుకోవాలి. ఇలా దశాబ్దాలు నడిపించి, 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ సంఘం తీర్పు చెప్పింది: నూటికి నూరు శాతం అమ్మేద్దాం. ఆకలితో పరుగెత్తించి, వెనకబడ్డావని బడి మాన్పించడమన్నమాట. కార్మికులు, నిర్వాసితులు కలిసి రోడ్డు పక్కన శిబిరం వేశారు. రిలే దీక్షలు ఏళ్లు దాటాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. సంతోషమే, ఎవరూ కాదనలేదు. అందులో గని ఎక్కడుందని వెతికినవాళ్లకి మాత్రం ఇంతవరకు దొరకలేదు.

స్వావలంబన అందరికీ వర్తించే ధర్మం అనుకుంటే పొరపాటు. 2025 ఏప్రిల్లో రాష్ట్ర మంత్రివర్గం రుషికొండ ఐటీ హిల్ మీద 21.16 ఎకరాలు టీసీఎస్‌కి 99 పైసల ధరకి ఇవ్వాలని నిర్ణయించింది. ఉద్యోగాలొస్తాయట, రానివ్వండి, మన పిల్లలకే కదా. కానీ దండిగా లాభాలు గడించే కంపెనీని మీ బాగు మీరు చూసుకోండి అనడానికి నోరు రాని ప్రభుత్వానికి, కొండవాలు మీద బిందెలు మోసుకుంటూ మెట్లెక్కే ఆడమనిషిని అనడానికి నోరు ఎలా వస్తుంది? ఆమెకి బోరు వేయించుకునే స్థోమత లేదు, వేసినా రాతిలో నీళ్లు పడవు. అంతకు ముందు ప్రభుత్వం ఆ దగ్గర్లోనే ఉన్న రుషికొండ గుండు గొరిగి వందల కోట్లతో భవనాలు కట్టింది. 2024 ఫిబ్రవరిలో తెరిచింది. కొన్నాళ్లకే ఎన్నికలొచ్చాయి. అవి ఎవరికోసం కట్టారో చెప్పేవాడు ఆనాడూ లేడు, వాటితో ఏం చెయ్యాలో చెప్పేవాడు ఆ తరవాతా వెంటనే దొరకలేదు. ఊరి మేడలకి ప్లాను అడిగే చేతులు ఆ మేడల దగ్గర జేబుల్లో ఉన్నాయి.

అసలు మీ ఊరిని మీరే నడుపుకోండి అనేవాళ్లు తాళం చెవి ఇచ్చారా అన్నది చూడాలి. 2007లో మహా విశాఖ నగరపాలక సంస్థకి ఎన్నికలు జరిగాయి. 2012లో పాలకవర్గం గడువు తీరింది. మళ్లీ ఓటు 2021 మార్చి 10న. మధ్యలో తొమ్మిదేళ్లు ఊరికి మేయరు లేడు, వార్డుకి కార్పొరేటరు లేడు. పన్ను మాత్రం ఒక్క ఏడాదీ సెలవు తీసుకోలేదు. తరవాత 98 మంది వచ్చారు. 2025 ఏప్రిల్లో మేయర్ని దించడానికి అవిశ్వాసం పెట్టినప్పుడు, వార్డుల్లో వెతికితే దొరకని కార్పొరేటర్లు క్యాంపుల్లో దొరికారు. కాలువ చూడడానికి స్కూటరెక్కని మనిషి, ఓటు కాపాడుకోవడానికి విమానమెక్కాడు.

రాజ్యాంగానికి 74వ సవరణ 1993 నుంచి అమల్లో ఉంది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న మునిసిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని అందులోని 243ఎస్ అధికరణం చెబుతోంది. మీ వార్డు కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో, మిమ్మల్ని పిలిచిందెవరో గుర్తు చేసుకోండి. వార్డు సచివాలయం ఉందిగా అంటారు. ఉంది. అందులో కుర్చీలున్నాయి, ఉద్యోగులున్నారు, సర్టిఫికెట్లు ఇస్తారు. ఈ వార్డులో వసూలైన పన్నెంత, ఇక్కడే ఖర్చయిందెంత అని అడిగితే ఆ ప్రశ్నకి దరఖాస్తు ఫారం లేదు.

తప్పంతా వాళ్లదే అంటే మనకీ సుఖంగా ఉంటుంది. తలా వంద వేసుకుని గడ్డి కోయించిన ప్రతిసారీ గడ్డి కొయ్యాల్సినవాడికి సెలవు మంజూరు చేసింది మనమే. బీచ్ రోడ్డు అపార్ట్‌మెంటు టిన్ను నీళ్లతో సర్దుకుంటే కొండవాలు ఇంటికి కుళాయి అడిగే గొంతు ఒకటి తగ్గిపోతుంది. చెత్త పన్ను పోయింది, ఉక్కు ఇంకా మనదిగా మిగిలింది. రెండూ చందాలు పోగుచేసుకుంటే జరిగినవి కావు, గుంపుగా వెళ్లి లెక్క అడిగితే జరిగినవి. కాబట్టి ఈసారి ఓటుకోసం గుమ్మంలోకి వచ్చినవాడికి మంచినీళ్లివ్వండి, టిన్ను నీళ్లే ఇవ్వండి. కూర్చోబెట్టి రెండే మాటలు అడగండి: వార్డు కమిటీ ఎప్పుడు వేస్తావు, వార్డు లెక్కలు గోడ మీద ఎప్పుడు రాయిస్తావు? ‘చూద్దాం లెండి’ అంటాడు. మన ఓటు సంగతీ అదే మాటలో చెప్పి పంపించండి.