ఉపగ్రహం ఉంది, పటమే లేదు

ఆండ్రాయిడ్ ఫోన్లలో సొంత పటాలు గీసుకునే మై మ్యాప్స్ యాప్‌ను 2021 అక్టోబరులో మూసేస్తూ గూగుల్ ఓ దారి చూపింది: బ్రౌజర్‌లో వాడుకోండి! బ్రౌజర్‌కు నెట్ కావాలి. నల్లమల అడవి లోపల నెట్ కావాలంటే ముందు గుట్టెక్కాలి. పాపం, జీపీఎస్‌కు ఈ పేచీలేం లేవు. సిగ్నల్ లేని చోటా మీరెక్కడున్నారో ఠక్కున చెబుతుంది, చూసుకోవడానికి పటమే ఉండదు. అంతకుముందు క్షేత్ర సర్వేల యాప్ ఆర్క్‌ప్యాడ్‌ను నమ్మి విండోస్ మొబైల్ పరికరాలు కొన్నవాళ్లను కదపకండి, ఏడుస్తారు.

ఇప్పుడు ఆ పనికి క్యూఫీల్డ్ అనే యాప్ ఉంది. పటాన్ని ముందే ఫోన్లో వేసుకుంటే నెట్ లేకున్నా పని నడుస్తుంది. పైగా ఉచితం. మన ఆఫీసులకు చిక్కల్లా అక్కడే: ఉచితంగా వచ్చేదానికి టెండరు పిలిచేదెలా?