మూడేళ్ల నాటి ఫ్యాను గాలి

2025లో మార్కాపురంలో అద్దె ఇంట్లో దిగిన కొత్త కాపురానికి మొదట ముట్టిన కానుక, పాత కాపురం తిప్పుకున్న ఫ్యాను ఖర్చు. 2022 ఎండల్లో ఆ ఇంట్లో ఎవరున్నారో, కూలర్ ఎన్ని గంటలు నడిపారో వీళ్లకు తెలీదు. మీటరుకు తెలుసు. అద్దెకున్న మనిషి మారతాడు, మీటరు గోడకే ఉంటుంది, బిల్లు గోడను చూసుకుని వస్తుంది.

"ఇది మేం రాకముందుది కదన్నా?"

"నాదేముందమ్మా, మిషన్‌లో ఏమొస్తే అది చించి ఇస్తా."

మిషన్ తప్పూ లేదు. పంపిణీ సంస్థలు అనుకున్న ధర కంటే ఎక్కువ పెట్టి కరెంటు కొంటాయి. ఆ తేడాను విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదంతో తీరిగ్గా జనం దగ్గర రాబట్టుకుంటాయి. ఇంధన సర్దుబాటు అని దానికి ముద్దుపేరు. 2022-23 తేడా 6,072 కోట్లు, 2023-24 తేడా 9,412 కోట్లు. మొదటిదాన్ని 15 నెలల్లో, రెండోదాన్ని 24 నెలల్లో పిండుకోమని మండలి అనుమతిస్తే, రెండు వసూళ్లూ 2024 డిసెంబరు నుంచి మొదలయ్యాయి. 2022లో తెలుగుదేశం 'బాదుడే బాదుడు' అంటూ ఊరూరా తిరిగింది. 2024 డిసెంబరు 27న వైఎస్సార్ కాంగ్రెస్ కరెంటు చార్జీల మీద ధర్నాలకు దిగింది. జెండాలు చేతులు మారాయి, కట్టే చేతులు మాత్రం మారలేదు.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీల సంగతి ఇంకాస్త రసవత్తరం. 2022 ఏప్రిల్‌లో కరెంటు చాలక రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టారు. అంటే, కరెంటు కరువైన ఏడాది కాల్చిన కరెంటుకు రెండేళ్లు పోయాక రెండో విడత బిల్లు. ఆ పలకలన్నా అమ్ముడుపోతాయా అంటే, ప్లాస్టిక్ పలకలూ నోటు పుస్తకాలూ కలిసి ఎప్పుడో బళ్లోంచి వాటిని బయటికి నెట్టేశాయి. బడి పలకకు 2017 నుంచీ జీఎస్టీ సున్నా. పన్ను లేదని ఎవరూ కొనలేదు. ఉన్న ఆ ఒక్క వెసులుబాటునూ 2025 సెప్టెంబరు 22న నోటు పుస్తకాలకు కూడా ఇచ్చేశారు.

ఈ సర్దుబాటు విద్య కరెంటోళ్లకే ఎందుకు పరిమితం కావాలి? ఫ్యాక్టరీ యజమాని కూడా 2022లో పలక కొన్న పిల్లలకు ఉత్తరాలు రాయొచ్చు. "బాబూ, నువ్వు అ ఆలు దిద్దిన పలకకు అప్పట్లో నీ దగ్గర తక్కువ తీసుకున్నాం. తేడా 24 వాయిదాల్లో కట్టు." వాడిప్పుడు నాలుగో తరగతి, ఎక్కాలు కూడా వచ్చు, లెక్క వాడే సరిచూసుకుంటాడు. గిద్దలూరు బస్టాండు దగ్గరి టిఫిన్ హోటలాయనకైతే ఇంకా గట్టి హక్కుంది. హోటల్ సిలిండర్ ధర ప్రతి నెలా ఒకటో తారీఖున అటో ఇటో కదులుతుంది. అయినా మూడేళ్ల కిందట తిన్న దోసెకు ఇప్పుడు ఐదు రూపాయలు అడిగాడంటే, గిరాకీ మొత్తం పక్క బండికి పోతుంది. పక్కన ఇంకో బండి ఉండటమే అతని దురదృష్టం. కరెంటుకు పక్క బండి లేదు.

ప్రభుత్వోద్యోగికి లెక్క తిరగబడుతుంది. అతను కట్టాల్సిన పాత బాకీ నెలనెలా ఠంచనుగా వస్తుంది. అతనికి రావాల్సిన పాత బాకీకి మాత్రం ఓపిక ఎక్కువ. 2025 అక్టోబరు డీఏ ఉత్తర్వులో బకాయిలు రిటైరయ్యాక ఇస్తామని రాశారు. సంఘాలు గొడవ చేశాక, సరే వాయిదాల్లో ఇస్తామని మార్చారు. కరెంటు బిల్లు కూడా రిటైరయ్యాక కడతానని ఏ మాస్టారూ ఇంతవరకు అర్జీ పెట్టుకున్నట్టు లేదు. పెట్టుకోవాల్సింది.

ఈలోగా కాస్త ఊరట కూడా దక్కింది. ఒక తేడాలో ఎక్కువ వసూలైందని తేలి, 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు వెనక్కిస్తామన్నారు. నెలకు 150 యూనిట్లు కాల్చే ఇంటికి శ్లాబుల ప్రకారం కరెంటు చార్జీ 567 రూపాయలు, వెనక్కొచ్చేది పంతొమ్మిదిన్నర. రెండు టీలు. ఆ టీ తాగుతూ ఇల్లాలు మీటరు వైపు ఒక కన్నేసి ఉంచాలి, ఎందుకంటే 225 దాటితే తర్వాతి యూనిట్ 8.75. శ్లాబు గీత దగ్గర టీవీ కట్టేసే క్రమశిక్షణ ఈ ప్రాంతానికి ఏ ఆర్థిక నిపుణుడూ వచ్చి నేర్పలేదు.

నీళ్ల పద్దు వేరే. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో ఒక శంకుస్థాపన, 2004లో ఇంకొకటి, 2024 మార్చి 6న జంట సొరంగాల ప్రారంభోత్సవం. ఒక్కోటీ 18.8 కిలోమీటర్ల సొరంగం. ప్రాజెక్టు జలాశయమైన నల్లమల సాగర్‌లోకి మాత్రం ఆ ఏడాది కృష్ణా నీళ్లు రాలేదు. మూడు దశాబ్దాలుగా ఇంటి పద్దులో 'వెలిగొండ వచ్చేదాకా' అనే ఖర్చు ఒకటి నడుస్తూనే ఉంది: బోరు ఇంకా లోతుకు దించడం, కాలిన మోటారుకు వైండింగ్, తాగడానికి ఇరవై లీటర్ల క్యాను, వేసవిలో ట్యాంకరు.

ఇన్ని బిల్లుల్లోనూ పాత బాకీ ఊసెత్తనివాడు ట్యాంకరు వాడొక్కడే. డబ్బు చేతిలో పడందే పైపు విప్పడు.