రెండు లాప్‌టాప్‌ల కాపురం

మా మేనల్లుడు టెక్సాస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాడు. మొన్న అర్ధరాత్రి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "మామయ్యా, నాకిప్పుడు రెండున్నాయి" అన్నాడు. రెండో సంసారం పెట్టాడేమోనని గుండె జారింది. తీరా చూస్తే రెండో లాప్‌టాప్. మొత్తం విన్నాక రెండో సంసారమే నయమనిపించింది. దాని మీదైతే ఊరంతా ఒకే తీర్పు చెబుతుంది.

పాత కంపెనీకి రాజీనామా ఇచ్చాడు. మిగిలిన సెలవులు వాడేసుకో, నెలాఖరు దాకా మా లెక్కలోనే ఉంటావన్నారు వాళ్లు. కొత్త కంపెనీ 15వ తేదీకే రమ్మంది. చేరాడు. అలా 16 రోజుల పాటు ఒకే మనిషి రెండు జీతాల పట్టీలకెక్కాడు. ఇంకొకడికైతే లాటరీ. హెచ్-1బీ వీసా వాడికి నిద్ర పట్టని జబ్బు.

మనవాళ్లంతా "హెచ్-1 ట్రాన్స్‌ఫర్" అంటారు గానీ, అక్కడ ట్రాన్స్‌ఫర్ అయ్యేదేమీ లేదు. కొత్త యజమాని తన పేరున మళ్లీ ఐ-129 దరఖాస్తు పెట్టాల్సిందే. 2000లో వచ్చిన చట్టం పుణ్యమా అని, అది దాఖలైతే చాలు, ఆమోదం దాకా ఆగక్కర్లేదు, పనిలోకి దిగొచ్చు. అయినా రసీదు కళ్లజూసేదాకా ఎవరూ కుర్చీలోంచి లేవరు. ఇద్దరి దగ్గర ఒకేసారి పనిచేయడం కూడా తప్పు కాదు, ఇద్దరూ చెరో దరఖాస్తు పెట్టుంటే. మరి ఒకచోట సెలవు, ఒకచోట పని అయిన ఈ 16 రోజులు?

లాయరును అడిగాడు. "మామూలుగా ఇబ్బంది ఉండదు, కానీ..." అన్నాడాయన. ఆ "కానీ"కి గంటల చొప్పున ఫీజు. హెచ్ఆర్‌ను అడిగితే లాయరును అడగమంది. వారాంతం పాట్‌లక్‌లో గోంగూర పప్పు వడ్డించుకుంటున్న సీనియరొకాయన "గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూలో తవ్వి తీస్తారు" అన్నాడు. తన ఇంటర్వ్యూ ఏ దశాబ్దంలో వస్తుందో ఆయనకే తెలీదు. ఏ సందేహమూ లేనిది ఒక్క పన్నుల శాఖకే. డబ్ల్యూ-2 అనే జీతం పత్రాలు రెండూ తెచ్చుకో, రెండిటి మీదా కట్టు, అంతే.

పొమ్మనాల్సి వస్తే మాత్రం అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కంపెనీకి ఒక్క ఈమెయిల్ చాలు. ఆ తర్వాత 60 రోజుల దాకా గడువు, అదీ 2017 నుంచే. అనుమతి ముందే ముగిస్తే అంతకూడా లేదు. అధికారి తలుచుకుంటే కుదించనూవచ్చు. గడువుకు ముందే తీసేస్తే స్వదేశానికి తిరుగు ప్రయాణం ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలని కూడా రాశారు. వెళ్లిపోయేవాడి దారిఖర్చుల దాకా ఆలోచించినవాళ్లు ఈ 16 రోజుల గురించి ఏమన్నారో చూపించమంటే మావాడి లాయరు మళ్లీ "కానీ" దగ్గరికే వచ్చాడు.

మా తాత కాలంలో ఏడాది జీతానికి కుదిరిన పాలేరు ఉగాదికి ఆసామిని మార్చేవాడు. పొద్దున పాత ఇంట్లో పచ్చడి తిని, సాయంత్రం కొత్త కొట్టంలో ఎడ్లకు గడ్డి వేసేవాడు. ఆ మధ్యాహ్నం పూట వాడు ఎవరి మనిషని ఊళ్లో అడిగిన పాపాన పోలేదు. అప్పు తీరకపోతే మారడమే కుదరదనుకోండి. ఆ కష్టం గ్రీన్‌కార్డు వరసలో నిలబడ్డవాడికి విడమర్చి చెప్పక్కర్లేదు.

మా అక్క మాత్రం లాయరు కోసం ఆగలేదు. చిలుకూరు వెళ్లి 11 ప్రదక్షిణలు చేసొచ్చింది. వీసా వచ్చినప్పుడే 108 తిరిగి మొక్కు తీర్చావు కదే అన్నాను. "అది పాత కంపెనీ మొక్కురా. యజమాని మారితే దరఖాస్తు మళ్లీ పెట్టాలటగా" అంది. చట్టం మా ఇంట్లో అందరికన్నా ఆవిడకే బాగా అర్థమైంది.

అక్కడున్న మీవాడెవడైనా కంపెనీ మారానని ఫోన్ చేస్తే, దయచేసి జీతం ఎంత పెరిగిందని అప్పుడే అడక్కండి. రసీదు వచ్చిందా, పాత లాప్‌టాప్ తిరిగి పంపేశావా అని అడగండి. మావాడిది ఇంకా గుమ్మం పక్కన అట్టపెట్టెలోనే ఉంది.