ఇస్తినమ్మా విజిటింగ్ కార్డు

మా ఆఫీసుల శ్రావణ మాసం ఫిబ్రవరి 11న మొదలవుతుంది. సైన్సులో ఉన్న ఆడవాళ్లకు, అమ్మాయిలకు అంటూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆ తేదీని రాసిచ్చింది. మార్చి 8న మహిళా దినోత్సవంతో ఉద్యాపన. మధ్యలో ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం, బోనస్‌గా కలిసొస్తుంది. ఈ పాతిక రోజులూ మాదాపూర్, గచ్చిబౌలి స్టార్ హోటళ్లలో హాలు దొరకదు. ఏ తలుపు తోసి చూసినా గులాబీ రంగు తెర, తెర మీద 'విమెన్ ఇన్ టెక్', తెర ముందు గుండ్రటి బల్లలు, బల్లకు పదిమంది చొప్పున మేము. మిగిలిన పదకొండు నెలలూ మేం ఆడవాళ్లమన్న సంగతి అప్రైజల్ చేసే మేనేజరుకు తప్ప ఇంకెవరికీ గుర్తుండదు.

ఈసారి నాకూ పిలుపొచ్చింది. కేలండర్ ఇన్వైట్. యాక్సెప్ట్, డిక్లైన్, టెంటేటివ్. నేను మూడోది నొక్కాను. పది నిమిషాల్లో హెచ్ఆర్ అమ్మాయి ఫోను. "అక్కా, మీ టీమ్‌లో డైవర్సిటీ అంటే మీరొక్కరే. మీరే రాకపోతే ఎలా?" పందొమ్మిదేళ్లుగా టెస్టింగ్ చేస్తున్నాను, నేను లేకపోతే గడవదని ఆఫీసులో ఒకరు అనడం అదే మొదలు. కరిగిపోయాను.

సాయంత్రం చీర కట్టుకుంటుంటే మా అత్తగారు అడిగారు, "ఎవరింట్లో పేరంటం?"

"పేరంటం కాదత్తయ్యా, నెట్‌వర్కింగ్ డిన్నరు."

"అంటే ఏం చేస్తారు?"

"ఆడవాళ్లందరం ఒకచోట చేరతాం. పరిచయాలు చేసుకుంటాం. ఏదో పెడితే తింటాం. వచ్చేటప్పుడు చేతికో సంచీ ఇస్తారు."

"మరి పేరంటమేగా?"

"మధ్యలో ఉపన్యాసాలుంటాయి. మా వైస్ ప్రెసిడెంటు గారు మాట్లాడతారు."

"ఆవిడా, ఆయనా?"

"ఆయనే."

అత్తగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పేరంటంలో మగవాళ్లకేం పనమ్మా?"

ఈ ప్రశ్నకు జవాబు మా కంపెనీ పాలసీ డాక్యుమెంట్లలో ఎక్కడా లేదు. హాల్లోకి వెళ్లాక మాత్రం అత్తగారిదే రైటనిపించింది. గుమ్మంలో ఇద్దరమ్మాయిలు నిలబడి, బొట్టు పెట్టడానికి బదులు మెడలో ట్యాగు వేశారు. పన్నీరు చిలకరించే చోట ఫొటో ఫ్రేము పట్టుకున్నారు. అందులోంచి మొహం బయటపెట్టి నవ్వాలి. ఇక లోపల వాయనాలు. ఇస్తినమ్మా విజిటింగ్ కార్డు, పుచ్చుకుంటినమ్మా విజిటింగ్ కార్డు. నా ముందు కూర్చున్నావిడ జీనోమ్ వ్యాలీ నుంచి వచ్చింది, వ్యాక్సిన్ల మీద పని. పక్కావిడ చిప్ డిజైన్. ఒకరి పని ఒకరికి అక్షరం అర్థం కాకపోయినా "వావ్" అనుకుని, పిల్లల స్కూళ్ల దగ్గర కలుసుకున్నాం. అదే మొదటి ఉమ్మడి టెక్నాలజీ.

ఏడున్నరకు కేటరింగ్ కుర్రాళ్లు పనీర్ టిక్కా పళ్లేలతో బయల్దేరారు. అదే క్షణంలో వైస్ ప్రెసిడెంటు గారు మైకు ముందుకొచ్చారు. నిర్వాహకులొకరు చెయ్యెత్తారు. పళ్లేలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"నా జీవితంలో నేను చూసిన గొప్ప మేనేజరు మా అమ్మ," అన్నారాయన. చప్పట్లు. అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచేదట. బడ్జెట్ తనే చూసేదట. ఉన్నదాంట్లోనే సర్దేదట. ఎప్పుడూ ఏదీ అడిగేది కాదట. ఆ చివరి మాట దగ్గర ఆయన గొంతు గద్గదమైంది. మాకు మాత్రం ఒక చిక్కుముడి విడిపోయింది. నలభై ఏళ్లపాటు జీతం, ప్రమోషను లేకుండా పనిచేసిన మేనేజరును చూస్తూ పెరిగిన మనిషి మరి. మా ఇంక్రిమెంట్ల ఫైలు ఆయన బల్ల మీద ఎందుకంత ప్రశాంతంగా నిద్రపోతుందో అప్పుడు తెలిసింది.

తర్వాత బెంగళూరు నుంచి ఒక లీడర్‌షిప్ కోచ్. ఆవిడ మాలో ఉన్న జబ్బు కనిపెట్టి చెప్పింది: ఇంపోస్టర్ సిండ్రోమ్. అంటే, మనకు అర్హత ఉన్నా లేదేమోనని లోలోపల అనుమానపడటం. 1978లో ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు, ఆడవాళ్లే, పైకొచ్చిన ఆడవాళ్లను పరిశీలించి ఈ సంగతి రాశారు. వాళ్లు దాన్ని జబ్బనలేదు. మన దగ్గరికొచ్చేసరికి సిండ్రోమై, ఒక్కో సెషన్‌కు ఫీజై కూర్చుంది. "మిమ్మల్ని మీరే ఆపుకుంటున్నారు," అని కోచ్ మా అందరి వైపూ వేలు చూపించింది. అందరం తలలూపాం. మేనేజర్లు కూడా ఊపారు, మాకంటే గట్టిగా.

నాకు కమలా సోహొనీ గుర్తొచ్చింది. బొంబాయి యూనివర్సిటీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి ఫస్టున పాసై, 1933లో బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌కు దరఖాస్తు పెట్టుకుంది. డైరెక్టరు సర్ సి.వి. రామన్. ఆడపిల్లను చేర్చుకోనన్నారు. ఆమె వెళ్లి ఎదురుగా నిలబడి, కారణం చెప్పమంది. చివరికి షరతుల మీద చేర్చుకున్నారు: ఏడాదిపాటు ప్రొబేషన్, పైగా మగ విద్యార్థుల ధ్యాస చెదరగొట్టకూడదు. ఆమె తర్వాత కేంబ్రిడ్జి వెళ్లి 1939లో డాక్టరేట్ తెచ్చుకుంది. కాంతి ఎలా చెదురుతుందో లోకానికి చెప్పిన నోబెల్ గ్రహీతకు, కుర్రాళ్ల ధ్యాస ఎలా చెదరకుండా ఉంటుందో అన్న దిగులు. ఈ కథలో అనుమానం ఎవరికుందో కోచ్‌ను అడగాలనిపించింది. కమలకైతే లేదు.

మూడోది ప్యానెల్ చర్చ. ముగ్గురు మగ డైరెక్టర్లు, ఒక మహిళా డైరెక్టరు. మోడరేటరు మగవాళ్లలో ఒకాయన్ను కృత్రిమ మేధ భవిష్యత్తు గురించి అడిగాడు, రెండో ఆయన్ను పెట్టుబడుల గురించి, మూడో ఆయన్ను భారతదేశం గురించి. ఆమె వంతు వచ్చేసరికి మొహం నిండా నవ్వు పులుముకుని, "మేడం, ఇల్లూ ఆఫీసూ ఎలా బ్యాలెన్స్ చేస్తారు?" అన్నాడు. ఆవిడ డేటా సెంటర్లలో కరెంటు ఆదా మీద పేటెంట్లున్న మనిషి. ఒక్క క్షణం గ్లాసులో నీళ్ల వైపు చూసి, "మా ఇంట్లో వంటమనిషి ఉంది," అంది. ఇంకేం మాట్లాడలేదు. ఆ రాత్రి విన్నవాటిలో సాంకేతికంగా అత్యంత కచ్చితమైన వాక్యం అదే.

ప్రశ్నల సమయంలో వెనక బల్ల నుంచి ఒకమ్మాయి లేచింది. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చి రెండు నెలలైంది. "సార్, 2017 చట్ట సవరణ నుంచీ 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలి కదా. మనం నాలుగు వేల మందిమి ఉన్నాం. మన క్రెష్ ఎక్కడుంది సార్?"

హాలంతా నిశ్శబ్దం. వైస్ ప్రెసిడెంటు గారు చిరునవ్వు చెదరకుండా అన్నారు, "గ్రేట్ క్వశ్చన్. దీన్ని ఆఫ్‌లైన్‌లో మాట్లాడుకుందాం."

ఈ ఆఫ్‌లైన్ అనే ఊరెక్కడుందో నాకు పందొమ్మిదేళ్లుగా అంతుపట్టలేదు. నా జీతం తేడా సంగతి అక్కడికే వెళ్లింది. ఆన్‌సైట్ అవకాశం అక్కడికే వెళ్లింది. మగవాళ్ల టాయిలెట్లు అంతస్తుకు రెండు, మావి రెండంతస్తులకు ఒకటి ఎందుకన్న ప్రశ్న కూడా అక్కడే కాపురం పెట్టింది. క్రెష్ ఏదైనా ఉంటే అక్కడే ఉండాలి. ఇన్ని ప్రశ్నలు పుట్టి పెరుగుతున్నాయి కదా.

మగవాళ్లు ఇలాంటి చోట్లకు ప్రసంగించడానికే వస్తారని నిష్ఠూరంగా అన్నాననుకోకండి. ఇంకోలా కూడా వస్తారు. ప్రపంచంలో సాంకేతిక మహిళల సమావేశాలన్నిటికీ పెద్దక్క లాంటిది అమెరికాలోని గ్రేస్ హాపర్ సెలబ్రేషన్. 1994లో మొదలైంది. 2023లో ఆర్లాండోలో జరిగితే, ఉద్యోగాల మేళాకు మగవాళ్లు రెజ్యూమేలు పట్టుకుని తండోపతండాలుగా వచ్చేశారు. నిర్వాహకులు వేదికెక్కి మొత్తుకోవాల్సి వచ్చింది. ఉద్యోగాల కోతల కాలం, వాళ్ల బాధ వాళ్లది. నాకు తెలిసిందేమిటంటే, పేరంటంలో పంచేది నిజంగా ఉద్యోగమైతే మగవాళ్లు పిలవకపోయినా వస్తారు. మా డిన్నర్లకు ఆ ముప్పు లేదు.

ప్రసంగాలు తొమ్మిదీ అయిదుకు ముగిశాయి. కంపెనీ క్యాబ్‌లు తొమ్మిదింబావుకు. చివర దిగేది ఆడమనిషైతే బండిలో గార్డు ఉండాలన్నది నిబంధన. మంచి నిబంధనే. గార్డు డ్యూటీ ఎక్కింది మొదలు గడియారమే చూస్తుంటాడు. అంటే డిన్నరుకు మాకు మిగిలింది పది నిమిషాలు. బఫే దగ్గర బిర్యానీ పొగలు కక్కుతోంది, దాని చుట్టూ ప్యానెల్ సభ్యులు, స్పాన్సర్ల మనుషులు, సొంత కార్లలో వచ్చిన పెద్దలు. భోజనానికి పిలిచి, ఆకలితో కూర్చోబెట్టి, ఎంగిలి పడకుండా పంపడం మా అత్తగారికి తెలిసిన ఏ నోములోనూ లేదు. పేరంటంలో నానబెట్టిన శనగలైనా కొంగులో పోస్తారు.

మేం మాత్రం ఆ పది నిమిషాలూ బిర్యానీ దగ్గర గడపలేదు, వాష్‌రూమ్ క్యూలో గడిపాం. అసలు కథ అక్కడ జరిగింది. క్రెష్ అడిగిన అమ్మాయి ముందు నిలబడి ఉంది. వెనక వ్యాక్సిన్ల ఆవిడ, చిప్ డిజైన్ ఆవిడ, ఇంకో నలుగురు. "మీ మేనేజరెవరు?" "ఆయనా? సెలవు అడిగితే మెయిల్లో పెట్టు, నోటితో అడక్కు." "నీకు పోయినేడు ఎంత పెంచారు?" చప్పట్లు లేవు, మైకు లేదు, అంకెలతో సహా అన్నీ బయటికొచ్చాయి. అయిదు నిమిషాల్లో వాట్సాప్ గ్రూపు తయారైంది. పేరేం పెట్టాలో తోచక 'వాష్‌రూమ్' అని పెట్టారు.

చిత్రంగా చరిత్రలో కూడా ఇదంతా ఇలాగే మొదలైంది. 1987లో ఆపరేటింగ్ సిస్టమ్స్ మీద ఒక పెద్ద సదస్సు. అనీటా బోర్గ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త అక్కడ ఆడవాళ్లు ఇంత తక్కువా అనుకుంటూ వాష్‌రూమ్‌కు వెళ్తే, ఆరేడుగురు కలిశారు. మాటల్లో పడి, కలిసి భోంచేద్దామనుకున్నారు. భోజనం దగ్గరికి పన్నెండు మంది చేరారు. ఈ-మెయిల్ చిరునామాలు రాసుకున్నారు. 'సిస్టర్స్' అనే బృందం అలా పుట్టింది. గ్రేస్ హాపర్ సెలబ్రేషన్ మొదలుపెట్టిన ఇద్దరిలో బోర్గ్ ఒకరు. ఆ రాత్రి భోజనానికి స్పాన్సర్లున్నారని గానీ, వాళ్ల అమ్మలు గొప్ప మేనేజర్లని ఎవరో ప్రసంగించారని గానీ నేనెక్కడా చదవలేదు.

క్యాబ్ దగ్గరికొస్తుంటే హాల్లో కుర్చీలు సర్దుతున్న హౌస్‌కీపింగ్ ఆవిడ కనిపించింది. రోజూ మా అంతస్తులో కనిపించే మనిషే, కాంట్రాక్టరు ఇక్కడికి పంపాడట. "మీటింగ్ మంచిగైందా అమ్మా?" అంది. ఆమె మెడలో ట్యాగు లేదు. కాంట్రాక్టు మీద పనిచేసే టెస్టర్లు, మా టీమ్‌లోనే ముగ్గురున్నారు, వాళ్లకూ ఇన్వైట్ వెళ్లలేదు. పిల్లల కోసం మానేసి మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్న నా పాత స్నేహితురాలు డబ్బు కట్టి వస్తానన్నా కుదరదన్నారు, కంపెనీ ఐడీ ఉండాలట. పేరంటమన్నాక పిలవనివాళ్లుంటారు.

ఈ సంగతి మా ఇంట్లో ఒకరికి బాగా తెలుసు. మామగారు పోయి ఆరేళ్లు. మా వీధిలో అత్తగారిని పేరంటాలకు పిలవడం మానేసి కూడా ఆరేళ్లు.

అయ్యలసోమయాజుల లలిత గారిని కూడా ఎవరూ పిలిచి ఉండరు. మద్రాసులో తెలుగింట పుట్టారు. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో తండ్రి పప్పు సుబ్బారావు గారు ప్రొఫెసరు. అక్కడే ఎలక్ట్రికల్ చదివి 1943లో ఇంజనీరయ్యారు. డిగ్రీ పట్టాలో 'అతడు' అని అచ్చయి ఉంటే కొట్టేసి, చేత్తో 'ఆమె' అని రాసిచ్చారు. కలకత్తాలో ఉద్యోగం చేస్తూ భాక్రా నంగల్ ప్రాజెక్టుకు పనిచేశారు. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగితే ఆమె వెళ్లారు. ఆ రోజుల్లో మన వీధుల్లో వాయనం పుచ్చుకునే అర్హత లేదన్న మనిషికి అక్కడ కుర్చీ వేశారు.

క్యాబ్‌లో ఫోను మోగింది. 'వాష్‌రూమ్' గ్రూపులో మొదటి మెసేజి, చిప్ డిజైన్ ఆవిడ నుంచి: "కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ వెనక క్రెష్‌లో ఒక సీటు ఖాళీ అయింది. సాయంత్రం ఏడింటి దాకా ఉంచుకుంటారు." క్రెష్ అమ్మాయి జవాబు నిమిషంలో వచ్చేసింది. నెలకెంతో కూడా అడగలేదు.

ఇంటికొచ్చేసరికి పదకొండు. అత్తగారు మేలుకునే ఉన్నారు. నా మొహం చూసి మాట్లాడకుండా స్టవ్ వెలిగించి, ఉప్మాకు నీళ్లు పడేశారు. నా చేతిలో గులాబీ సంచీ. అందులో సువాసనల కొవ్వొత్తి, ఒక కప్పు, పెద్ద అక్షరాలతో కంపెనీ పేరున్న లంచ్ బాక్సు. ఎందుకనిపించిందో తెలియదు, రెండు చేతులతో ఆమె ముందు పట్టుకుని "ఇస్తినమ్మా వాయనం," అన్నాను.

ఆవిడ కాసేపు నన్నే చూశారు. తర్వాత కొంగు భుజం చుట్టూ లాక్కుని సంచీ అందుకున్నారు. లోపల చెయ్యి పెట్టి అడుగుదాకా వెతికారు.

"శనగలేవీ?" అన్నారు.