పుష్పవిలాపంలో కంబళి

కువైట్లోని ఫర్వానియాలో మా గదిలో ఆరుగురం. వంటగది ఒకటి, స్నానాల గది ఒకటి, ఘంటసాల ఒక్కరు. మొదటి రెండింటికీ ఎవరి వంతు ఎప్పుడో గోడ మీద రాసుంది. ఘంటసాలకి మాత్రం నేనే కఫీల్ని, అంటే యజమానిని. ఆయన ఎప్పుడు పాడాలో, ఎంతసేపు పాడాలో నా ఇష్టం.

ఆయన్ని ఇప్పటికి నాలుగుసార్లు కొన్నాను. 1988లో కువైట్లో దిగిన కొత్తలో క్యాసెట్లుగా. తర్వాత సీడీలుగా. ఆ తర్వాత ఒకే పళ్ళెంలో నూటయాభై పాటలు కుక్కిన ఎంపీత్రీగా. చివరికి పాత రేడియోలా కనిపించే పాటల పెట్టెగా. ప్రతిసారీ అట్ట మీద మాట మారింది: మధుర గీతాలు, ఆణిముత్యాలు, అపురూప గీతాలు. లోపల అవే పాటలు, మహా అయితే వరస మారి ఉంటాయి. అపురూపమైనవి ఏవా అని వెతికితే ధర ఒక్కటే కనిపించింది. గ్రామఫోను కంపెనీ 2000లో సరిగమ అయింది కదా, తర్వాత్తర్వాత చిన్నప్పటి రికార్డుల మీది కుక్క కూడా పోయింది. నాకు తెలిసి ఇన్నేళ్ళలో వచ్చిన పెద్ద మార్పు అదే. అయినా కొన్నాను. ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు.

మా కంపెనీలో ఒక లెబనాన్ ఇంజనీరు ఉండేవాడు. బాబ్ డిలన్ అంటే ప్రాణం. ఒకసారి సైటుకి తీసుకెళ్తుంటే దారిలో గొప్పగా చెప్పాడు. డిలన్ 1965, 66లలో స్టూడియోలో పాడినదంతా కలిపి 2015లో పద్దెనిమిది సీడీల పెట్టెగా తెచ్చారట. ఐదువేల పెట్టెలే చేశారట. అందులో ఒకే పాట మళ్ళీ మళ్ళీ వస్తుందట, మధ్యలో ఆగిపోయినవీ, తాళం తప్పినవీ సహా.

"ఒకే పాటా?" అన్నాను.

"ఒకే పాట," అన్నాడు, కళ్ళు మూసుకుని.

మా ఊరి భజన గుడిలో ఒకే కీర్తన నాలుగోసారి ఎత్తుకుంటే పూజారి హారతి ఇచ్చి పంపించేస్తాడు. కానీ నిజం చెప్పాలంటే నాకు కుళ్ళు పుట్టింది. మా ఆయన తాళం తప్పిన పాట ఏది? ఆ రోజుల్లో మద్రాసులో గాయకుడూ వాద్యబృందమూ ఒకేసారి కూర్చునేవాళ్ళు. వయొలిన్లలో ఒక్కడు తడబడినా అందరూ మొదటికి రావాల్సిందే. ఆ తడబాటుని భద్రంగా దాచి యాభై ఏళ్ళ తర్వాత అమ్ముకోవచ్చన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. పైగా ఆ పాత రికార్డు ఒక వైపున మూడున్నర నిమిషాలకి మించి పట్టేది కాదు. హాల్లో విన్న పద్యమో చరణమో రికార్డులో ఉండేది కాదు. వాళ్ళకి పాట మిగిలిపోతే, మనకి తగ్గిపోయింది.

మాకు ఎప్పుడూ కొరత లేనిది భగవద్గీత ఒక్కటే. ఆయన 1974 ఫిబ్రవరి 11న పోయారు, గీత రికార్డు ఆ తర్వాత బయటికొచ్చింది. ఓ శుక్రవారం పొద్దున్నే, సెలవు కదా అని భక్తిగా పెట్టాను. అప్పుడే ఊరి నుంచి దిగిన అమలాపురం కుర్రాడు చేతిలో ఉల్లిపాయతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "బాబాయ్ గారూ, ఎవరండీ?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. ఉల్లిపాయవో, పోయినవాళ్ళవో ఇప్పటికీ తేలలేదు.

మరి నా దగ్గర అపురూపమైనవి లేవా అంటే, రెండున్నాయి. కంపెనీలకి దొరకనివి.

మొదటిది కువైట్ ఎండ చేసిన రికార్డింగు. ఆగస్టులో పికప్పు అద్దం వెనక క్యాసెట్టు మర్చిపోయాను. టేపు సాగింది. అక్కినేనికి పాడిన పాట ఎస్వీ రంగారావుకి పాడినట్టు వచ్చింది. రామారావుకో గొంతు, నాగేశ్వరరావుకో గొంతు పెట్టి పాడిన మనిషి ఆయన. మూడోది మా పికప్పులో కుదిరింది.

రెండోది పుష్పవిలాపం. కరుణశ్రీ పద్యాలు. కోయొద్దని పువ్వులు మొరపెట్టుకుంటాయి. ఆ క్యాసెట్టుని ఓసారి సెలవుకి రాజంపేట తీసుకెళ్ళి మర్చిపోయి వచ్చాను. అప్పట్లో ఫోను మాటంటే దీనార్లు. ఉత్తరం బదులు క్యాసెట్టులో మాట్లాడి, వచ్చేవాళ్ళ చేత పంపేవాళ్ళు. ఖాళీ క్యాసెట్టుకి డబ్బులెందుకని మా బామ్మర్ది ఘంటసాల మూలనున్న బొక్కలో కాగితం కుక్కి, రికార్డు మీట నొక్కాడు. పువ్వు తన గోడు సగం చెప్పుకోగానే టక్కుమని శబ్దం, ఆ వెంటనే వాడి గోడు:

"బావా, బాగుండావా? మేమంతా బాగుండాం. వచ్చేటప్పుడు పులిబొమ్మ కంబళి తేవాల. ఒకటి కాదు, రెండు. మా మామకొకటి. మర్సిపోవద్దు బావా."

మళ్ళీ టక్. మళ్ళీ పువ్వు. ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచి కాదు, నాలుగు పాదాలు దాటి. కానీ నా చెవికి అతుకు తెలిసేది కాదు. కోయొద్దని ఒకరు, తెమ్మని ఒకరు, ఏడుపు ఒకటే.

1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు లక్షా డెబ్బైవేల మంది భారతీయులతో పాటు నేనూ బాగ్దాదు మీదుగా అమ్మాను చేరి బొంబాయి విమానం ఎక్కాను. సంచిలో రెండు లుంగీలు, పాస్‌పోర్టు, ఈ క్యాసెట్టు. కంబళ్ళు తేలేదు. దానికి మా బామ్మర్ది యుద్ధాన్ని ఇప్పటికీ క్షమించలేదు.

యుద్ధం అయ్యాక మళ్ళీ కువైట్ చేరాను. ఇప్పుడు పాటల పెట్టెలో పుష్పవిలాపం శుభ్రంగా వస్తుంది. గీర లేదు, బుస లేదు. కానీ ఆ చోటు రాగానే నా చెవి నిక్కబొడుచుకుంటుంది. కంబళి రాదు. పువ్వు ఆగకుండా పాడుకుంటూ వెళ్ళిపోతుంది. ఏదో లోటు. అందుకని కిందటి నెల ఆ క్యాసెట్టు మాలియాలో ఒక దుకాణంలో ఇచ్చి పెన్‌డ్రైవులో ఎక్కించమన్నాను. మూడు దీనార్లు. నాలుగో రోజు వెళ్తే కుర్రాడు మొహం వెలిగిపోతూ అన్నాడు:

"అన్నా, టేపు పాతదై తెగిపోయింది. అయినా మధ్యలో ఎవరో కంబళి కంబళి అని పాడు చేసినారు. నేనే నెట్లో మంచిది వెతికి ఎక్కించినా. ఎక్స్‌ట్రా ఏం వద్దులే."

వాడి మంచితనానికి ఏమనాలో తెలియక డబ్బులిచ్చి వచ్చేశాను.

ఆ రాత్రే రాజంపేటకి ఫోను చేసి బామ్మర్దిని బతిమాలాను. వాడిప్పుడు తాతయ్యాడు. "ముప్పై ఏళ్ళ కింద ఏం చెప్పినానో నాకేం గుర్తు బావా?" అన్నాడు. నాకు గుర్తుంది కాబట్టి ఒక్కో మాటా అందించాను, వాడు వాట్సాప్‌లో చెప్పి పంపాడు. మొదటి టేకులో మా చెల్లెలు మధ్యలో దూరి, ఆ కంబళ్ళ సంగతి ఏమైందని అడిగింది. రెండో టేకులో ఆర్టీసీ బస్సు హారన్. మూడోది బాగా వచ్చింది. గొంతు వణుకు కూడా సరిపోయింది. చివర్లోనే కొంచెం దారి తప్పింది:

"...కంబళి వద్దులే బావా, ఈడ ఎండలకి ఎవురు కప్పుకుంటారు. మనవడికి ఐఫోను తేవాల. ఒకటి కాదు, రెండు."

మూడు టేకులూ దాచుకున్నాను.