ఫారిన్ సరుకు

తెలుగునాట మిర్చికి గుంటూరు యార్డులో, పసుపుకు నిజామాబాద్ యార్డులో రేటు కడతారు. ఎన్నారైకి మాత్రం యార్డంటూ లేదు. ఇరుగుపొరుగులు, చుట్టాలు, పెళ్లిళ్ల పేరయ్యలు కలిసి వీధి అరుగు మీదే తేల్చేస్తారు.

2020 ఫిబ్రవరి దాకా మా రేటు బాగానే పలికింది. ఊళ్లో దిగగానే "ఎప్పుడొచ్చావురా? మళ్లీ ఎప్పుడెళ్తావు?" అని రెండు ప్రశ్నలూ గుక్క తిప్పుకోకుండా అడిగేవాళ్లు. పెద్ద సూట్‌కేసు తెరిచేవరకూ ఎవరికీ సొంతిల్లు గుర్తొచ్చేది కాదు. మార్చి 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు బయటపడింది. దుబాయ్ వెళ్లొచ్చి, బెంగళూరు మీదుగా హైదరాబాద్ చేరిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. దుబాయ్, బెంగళూరు, సాఫ్ట్‌వేర్. పెళ్లిచూపుల్లో అయితే మూడూ ప్లస్ పాయింట్లే. ఆ సాయంత్రానికి మూడూ రోగలక్షణాలయ్యాయి.

ఆంధ్రాలో ప్రభుత్వ వలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి "మీ ఇంట్లో ఫారిన్ నుంచి వచ్చినవాళ్లు ఉన్నారా?" అని ఆరా తీశారు. నెల కిందట ఎవరైనా ఆ మాట అడిగి ఉంటే మా అమ్మల తరం కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, నయాగరా ముందు దిగిన ఫొటో తెచ్చి మరీ చూపించేది. ఇప్పుడు "మావాడా? వాడు బెంగళూరులోనే కదండీ ఉండేది" అని తలుపు ఓరగా వేసుకుంది. క్వారంటైన్ అంటూ చేతి మీద సిరా ముద్ర, గుమ్మానికి స్టిక్కరు. ఆ స్టిక్కరుకు దారిచ్చి పాలవాడు కూడా రోడ్డుకు అవతలి పక్కనుంచి నడిచాడు. క్వారంటైన్‌లో ఉన్నవాళ్ల పాస్‌పోర్టులు తీసేసుకోమని కలెక్టర్లకు చెప్పామని తెలంగాణ అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. ఆ పాస్‌పోర్టులో ఒక్క స్టాంపు పడినందుకు చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ 108 ప్రదక్షిణలు చేసినవాళ్లం. ఆ వీసా దేవుడికి మొరపెట్టుకుందామంటే ఆయన గుడికీ తాళం పడింది.

మార్చి 23 నుంచి విదేశీ విమానాలు దిగడం మానేశాయి. ఎక్కడివాళ్లం అక్కడే గప్‌చుప్.

అక్కడ అమెరికాలో బతుకు మాత్రం ఏమంత వైభవం కాదు. అమెరికా దొరలు టాయిలెట్ పేపర్ కోసం తెల్లారకముందే క్యూ కడుతుంటే, బాత్రూంలో చెంబున్న ఇళ్లవాళ్లు మొదటిసారి నాగరికతలో ఒక మెట్టు పైనున్నామని పొంగిపోయారు. ఆ పొంగు ఇండియన్ స్టోర్ దాకానే. అక్కడ సోనా మసూరి మనిషికి ఒక్క సంచే అని బోర్డు. దాంతో నాలుగేళ్ల పిల్లాణ్ని కూడా మనిషిగా లెక్కలోకి తెచ్చారు. ఇంట్లో మొగుడు హాల్లో, పెళ్లాం బట్టల అలమరలో కూర్చుని మీటింగులు. పురుడు పోద్దామని వచ్చిన అత్తగారు మనవడి బారసాల చూసి, అన్నప్రాసన చూసి, వాడు నిలబడి తన చెంగు పట్టుకు లాగినా తిరిగి వెళ్లే దారి లేక అక్కడే ఉండిపోయింది. ఆవిడ అక్కడ ఉండటానికి గడువు ఆర్నెల్లు. పొడిగించాలంటే అప్పట్లో అమెరికా సర్కారుకు 370 డాలర్ల ఫీజు, వేలిముద్రలకు ఇంకో 85. బీపీ మాత్రలు అయిపోవచ్చాయి. అల్లుడి బీపీ కూడా పెరిగింది గానీ, దానికి వీసాతో పనిలేదు.

పెళ్లిళ్లు లింకుల్లో జరిగాయి. ముహూర్తంతో పాటు పాస్‌వర్డు పంపేవాళ్లు. లాప్‌టాప్ మీద అక్షింతలు వేస్తే కీల మధ్య ఇరుక్కుంటాయని ఆ ఏడాదే తెలిసింది. చావులూ లింకుల్లోకే వచ్చాయి. తలకొరివి పెట్టాల్సిన పెద్దకొడుకు అక్కడ అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని కూర్చుంటే, ఇక్కడ పినతండ్రి కొడుకు కుండ భుజానికెత్తుకున్నాడు. ఫోన్ పట్టుకున్న కుర్రాడు "అన్నయ్యా, సరిగ్గా కనిపిస్తోందా?" అని మాటిమాటికీ అడిగాడు. కనిపిస్తోందనే చెప్పాలి. ఇంకేం చెబుతాం?

మే 7న వందే భారత్ మిషన్ మొదలైంది. ఎందుకు రావాలనుకుంటున్నారో రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. ఉద్యోగం పోయినవాళ్లకు, వీసా అయిపోయినవాళ్లకు, గర్భిణులకు, ముసలివాళ్లకు, ఇంట్లో మనిషి పోయినవాళ్లకు ముందు వరుస. మన జీవితంలో ఏదో ఒకటి కూలితే తప్ప సీటు రాదన్నమాట. అమెరికా నుంచి టికెట్ దాదాపు లక్ష రూపాయలు. మాతృభూమి పిలుపు ఎకానమీ క్లాసులో అంత పలుకుతుందని దేశభక్తి పాటలు రాసినవాళ్లెవరూ హెచ్చరించలేదు.

అందులోనూ ఒక మెలిక. తల్లిదండ్రులవి భారత పాస్‌పోర్టులు, అమెరికాలో పుట్టిన పాపాయిది అమెరికా పాస్‌పోర్టు, పైన ఓసీఐ కార్డు. ఆ కార్డుల మీద వీసా లేకుండా వచ్చే సౌకర్యాన్ని మార్చిలోనే ఆపేశారు. కాబట్టి అమ్మ ఎక్కొచ్చు, నాన్న ఎక్కొచ్చు, చంకలో బిడ్డ మాత్రం విదేశీయురాలు. బిడ్డను ఎయిర్‌పోర్టులో వదిలి రమ్మని ఎవరూ నోటితో అనలేదు. రూల్ మాత్రం అదే అంది. గొడవ జరిగాక మే 22న కొన్ని రకాల కార్డులకు సడలింపు ఇచ్చారు. ఇది గుర్తుంచుకోండి, ఈ పాపాయి మళ్లీ వస్తుంది.

ఆగస్టులో ఎయిర్ సువిధ అనే పోర్టల్ వచ్చింది. సువిధ అంటే సౌకర్యమే గానీ, ఎవరి సౌకర్యమో అందులో రాయలేదు. నెగటివ్ రిపోర్టు లేనివాళ్లకు క్వారంటైన్ సెంటరు తప్పాలంటే తగిన కారణం ఉండాలి. గర్భం, పదేళ్లలోపు పిల్లలు, తీవ్ర అనారోగ్యం, ఇంట్లో మరణం. అయితే ఆ మినహాయింపు కోసం విమానం ఎక్కడానికి కనీసం 72 గంటల ముందే దరఖాస్తు చేయాలి. నాన్నగారు కన్నుమూయబోయే ముందు అబ్బాయికి మూడు రోజుల నోటీసు ఇవ్వాలని ఆ గుమస్తా మహాశయుడి ఉద్దేశం. మనవాళ్లకు ఆ క్రమశిక్షణ ఎక్కడిది? చెప్పాపెట్టకుండా పోతారు.

ఎలాగోలా సముద్రాలు దాటి శంషాబాద్‌లో దిగిన బెజవాడవాడికి అసలు సరిహద్దు గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఎదురైంది. లాక్‌డౌన్ మొదలైన మార్చిలోనే అక్కడ హైదరాబాద్ హాస్టళ్ల పిల్లలు గంటలకొద్దీ నిలబడ్డారు. తరవాత ఆంధ్రాలోకి రావాలంటే స్పందన వెబ్‌సైట్‌లో పాసు తీసుకోవాలన్నారు. అమెరికా కాన్సులేట్ కూడా అడగని ప్రశ్న అక్కడ అడిగారు. "ఊళ్లో ఎవరింటికి?" ఆ ప్రశ్నకు మా ఊరివాళ్లందరూ "మాకు సంబంధం లేదు" అనే ధోరణిలో ఉన్న రోజులవి.

రేటు మళ్లీ ఎప్పుడు లేచిందంటే 2021 ఏప్రిల్‌లో. రెండో వేవ్. ఆక్సిజన్ లేదు, మంచం లేదు, రెమ్‌డెసివిర్ లేదు. ఏడాదిపాటు మా నంబర్లు మరిచిపోయిన చుట్టాలకు ఒక్క రాత్రిలో గుర్తొచ్చాయి. "బాబూ, అక్కడ ఆ మిషను దొరుకుతుందటగా?" కాన్సంట్రేటర్ అనే మాట నోరు తిరగని ముసలమ్మకు కూడా, అయిదు లీటర్లదా, పది లీటర్లదా అన్న తేడా తెలిసింది. సంఘాలు చందాలు పోగేశాయి, పెట్టెలు విమానమెక్కాయి. ఎవరైనా సొంతంగా ఇంటికి కానుకగా పంపితే మాత్రం దాని మీద ఐజీఎస్టీ మొదట 28 శాతం. దేశం ఊపిరాడక కొట్టుకుంటుంటే మే 1 నుంచి పెద్దమనసు చేసుకుని 12 శాతానికి తగ్గించారు. ఆ పన్నే చెల్లదని ఢిల్లీ హైకోర్టు మే 21న తీర్పు చెప్పాల్సి వచ్చింది. ఊపిరి మీద పన్ను కట్టిన రసీదులు కొందరి దగ్గర ఇంకా ఉండే ఉంటాయి.

ఆ మేలోనే, నాలుగో తారీఖు నుంచి అమెరికా తలుపు వేసింది. అంతకు ముందు 14 రోజుల్లో ఇండియాలో ఉన్న పరదేశీయులు రాకూడదు. అమ్మానాన్నల్ని చూద్దామని వచ్చిన హెచ్1 కుర్రాళ్లు ఇక్కడే ఇరుక్కుని, డాబా మీద నిలబడి అర్ధరాత్రి అమెరికా మీటింగులు చేశారు. మినహాయింపు ఎవరికంటే, అమెరికా పౌరసత్వమున్న చిన్నపిల్లల తల్లిదండ్రులకు. మన పాపాయి మళ్లీ రంగంలోకి దిగింది. ఏడాది కిందట ఏ పాస్‌పోర్టు వల్ల ఇండియా రాలేకపోయిందో, అదే పాస్‌పోర్టుతో ఇప్పుడు అమ్మానాన్నలను వెంటబెట్టుకుని అమెరికా వెళ్లింది. పాలపీక తీసి మాట్లాడటం వస్తే ఆ అమ్మాయి చెప్పాల్సినవి చాలా ఉండేవి. పెళ్లికాని కుర్రాళ్లకు సంబంధాలు చూసే అత్తయ్యలు "చెప్పానా, త్వరగా పిల్లల్ని కనమని" అన్నారు. ఇమిగ్రేషన్ లాయర్లు కూడా కాదనలేకపోయారు.

పిల్లల్లేనివాళ్లు మెక్సికోకో, మాల్దీవులకో పోయి 14 రోజులు ఉండి, ఇండియా మకిలి కడుక్కుని వెళ్లారు. ఫేస్‌బుక్‌లో వాళ్ల బీచి ఫొటోలకు లైకులు పడ్డాయి.

కువైట్ వాళ్లకు లైకులు పడలేదు. రాజంపేట, రాయచోటి, గోదావరి జిల్లాల నుంచి వెళ్లే డ్రైవర్లకు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు కువైట్ నేరుగా రావద్దంది, 14 రోజులు వేరే దేశంలో ఉండి రమ్మంది. దుబాయ్‌లో ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుని, ఏజెంటుకు అప్పు చేసి ప్యాకేజీ కట్టారు. 2021 ఏప్రిల్ చివర్లో యూఏఈ కూడా ఇండియా నుంచి వచ్చేవాళ్లను ఆపేసింది. తర్వాతి దారి నేపాల్ అన్నారు, మాల్దీవులు అన్నారు. అవీ మూసేశారు. కొందరికి అకామా అనే నివాస పర్మిట్టు గడువు ఊళ్లో ఉండగానే అయిపోయింది. వీళ్లూ ఫారిన్ సరుకే. కానీ వీళ్లకు వీధి అరుగు మీద ఎప్పుడూ పెద్ద రేటు లేదు, కాబట్టి పడిపోవడం కూడా ఎవరూ గమనించలేదు.

టీకా వచ్చాక ఇక కులగోత్రాలు అడగడం మానేసి ఏ టీకా అని అడిగారు. హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైన కోవాగ్జిన్‌ను హైదరాబాద్‌లోనే వేయించుకున్న కుర్రాడు, దేశం దాటితే చాలాచోట్ల టీకా వేయించుకోనివాడి కింద లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబర్ 3న ఒప్పుకునేదాకా అంతే. కోవిషీల్డ్ వాళ్లు నవ్వుకునేలోపు వాళ్ల వంతు కూడా బ్రిటన్ తెచ్చిపెట్టింది. టీకా మాదే, మంచిదే, మీ సర్టిఫికెట్ మాత్రం నమ్మం అంది. అప్పటికి మన సర్టిఫికెట్ మీద ప్రధాని బొమ్మ ఉండేది, పుట్టినతేదీ పూర్తిగా ఉండేది కాదు. అక్టోబర్ 4 నుంచి ఇండియా కూడా బ్రిటన్ పౌరులకు పది రోజుల క్వారంటైన్ అంది. వారం తిరక్కుండా రాజీ కుదిరింది. ఈలోగా లండన్ విమానమెక్కాల్సిన అమ్మానాన్నలు వీధి చివరి నెట్ సెంటర్‌లో పుట్టినతేదీ సరిచేయించుకున్నారు. ఆ తేదీ ఎలాగూ ఎస్సెస్సెల్సీ హెడ్మాస్టరు వేసినదే.

చివరికి 2022 సంక్రాంతి. ఒమిక్రాన్ భయంతో జనవరి 11 నుంచి విదేశాల నుంచి వచ్చిన ప్రతివాడూ ఏడు రోజులు ఇంట్లోనే ఉండాలన్నారు. ఆంధ్రా ప్రభుత్వం రాత్రి కర్ఫ్యూ కూడా ప్రకటించింది. తర్వాత పండక్కి ఊళ్లకు వచ్చేవాళ్లకు ఇబ్బందవుతుందని దాన్ని 18కి వాయిదా వేసింది. వైరస్ కూడా మన మనిషే, కనుమ దాటాకే డ్యూటీ ఎక్కుతుంది. భీమవరం వైపు బరుల దగ్గర జనం భుజాలు రాసుకుంటూ కోళ్ల మీద లక్షలు కాస్తుంటే, రెండు టీకాలూ బూస్టరూ వేసుకుని, మూడు దేశాల్లో ముక్కులో పుల్ల పెట్టించుకుని వచ్చిన అమెరికా అల్లుడు మేడ మీద గదిలో ఒంటరిగా అరిసెలు తింటున్నాడు.

మధ్యాహ్నం పీహెచ్‌సీ నుంచి నర్సమ్మ ఫోన్ చేసింది.

"సార్, జ్వరం గానీ, దగ్గు గానీ ఉందా?"

"లేదండీ."

"బయటికేమైనా వెళ్లారా?"

"లేదండీ, గదిలోనే ఉన్నాను."

"మంచిది సార్. రాసుకున్నాను. ఇంకోటి సార్, మా తమ్ముడు బీటెక్ అయ్యాడు. ఎంఎస్‌కి డల్లాస్ మంచిదా, చికాగో మంచిదా? సాయంత్రం వాణ్ని మీ ఇంటికి పంపనా?"