మీ గోడకు వయసైపోయింది సార్!

పక్కింట్లో రిపేరు మొదలైందని ఏర్పేడులో ఎవరైనా నోటీసు ఇచ్చి చెబుతారా? తెల్లారి ఆరింటికి బ్రేకర్ మిషన్ మోగుతుంది, అదే నోటీసు. అల్మారాలో గ్లాసులు చిందులేస్తాయి. దేవుడి పటం ఓ పక్కకు ఒరుగుతుంది. మూడో రోజు కిటికీ మూల నుంచి వెంట్రుకంత గీత. పదో రోజుకు అందులో అగ్గిపుల్ల దూరుతుంది. వానొస్తే బీరువా వెనక చెమ్మ.

వెళ్లి అడగండి. ఇంటాయన "మేస్త్రీతో మాట్లాడన్నా" అంటాడు. మేస్త్రీ "కాంట్రాక్టరు చెప్పినట్టే కొట్టినాం సామీ" అంటాడు. కాంట్రాక్టరు ఫోనెత్తడు. ఎత్తితే ఒకటే మాట: "మీ గోడకు వయసైపోయింది సార్!" ఏందప్పా ఇది? పాతికేళ్లు కదలని గోడకు సరిగ్గా మిషన్ పెట్టిన వారంలోనే ముసలితనం ముంచుకొచ్చిందా? మరీ బతిమాలితే తట్టెడు సిమెంటు మెత్తి, పైన ఇంత పుట్టీ పూసి పోతారు. పరిహారం ముట్టినట్టే, ఇంక నోరెత్తకూడదు!

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు వచ్చాయి. ఇంజినీరింగ్ అసిస్టెంట్లను కూడా వేశారు. పాలన మీ గుమ్మంలోకి వచ్చిందన్నారు. ఆ గుమ్మమే పగిలింది, వచ్చి చూడండయ్యా అంటే "అది మీ ప్రైవేటు గొడవ" అంటారు. స్టేషన్‌కు పోతే "సివిల్ మేటర్" అంటారు. ఇదే మండలంలో ఐఐటీ ఉంది, ఐసర్ ఉంది. కట్టడం ఎందుకు పగులుతుందో పిల్లలకు పాఠం చెప్పే చదువులు ఊరి పక్కకే వచ్చాయి. ఈ పగులు ఎవరి పాపమో కాగితం మీద రాసిచ్చే నాథుడు మాత్రం వీధిలో దొరకడు.

గుడిమల్లం కూడా ఈ మండలమే. పరశురామేశ్వరుడి గుడి చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆ అవతల మరో 200 మీటర్లు నియంత్రణ. ఆ హద్దులో సొంతిల్లు బాగు చేసుకోవాలన్నా అనుమతి ఉండాల్సిందే. మంచిదే, ఆ గుడికి ఆపాటి కాపలా ఉండాలి. మరి మనిషి కాపురముండే గోడకు? పొరుగూరు శ్రీకాళహస్తిలో 1516లో రాయలు కట్టించిన రాజగోపురం పగుళ్లిచ్చి, 2010 మే 26న కుప్పకూలింది. మళ్లీ లేచి కుంభాభిషేకం చూసేసరికి 2017. రాయల గోపురానికే అన్నేళ్లు పడితే మీ తొమ్మిదంగుళాల గోడ ఏ మూలకు?

చట్టం లేకేమి, భేషుగ్గా ఉంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం మీ నేలకు పక్క నేల ఆసరాగా ఉండాలంటుంది. అయితే మెలిక ఉంది: నేల సహజ స్థితిలో ఉంటేనే. దాని మీద ఇల్లు కట్టారా, ఆ ఇంటికీ ఆసరా హక్కు స్థిరపడాలంటే 20 ఏళ్లు ఆగాలి. నిర్లక్ష్యం రుజువు చేసి నష్టం రాబట్టుకునే దారి వేరే ఉంది. కానీ రుజువు చేసే బరువు ఎవరి నెత్తిన? గోడ పగిలినోడి నెత్తినే. అదే సర్కారు భవనం రిపేరులో మీ గోడ పోయిందనుకోండి. సర్కారు మీద దావా వేయాలంటే ముందు రెండు నెలల నోటీసు ఇచ్చుకోవాలి. మిషన్ పెట్టేవాడు రెండు నిమిషాల ముందైనా చెప్పడు, మీరు మాత్రం రెండు నెలలు ఆగాల!

కాబట్టి పక్కింటి ముందు ఇసుక దిగిన రోజే మీ గోడలన్నీ ఫోటో తీసి పెట్టుకోండి. పగులు కనిపిస్తే దాని చివర పెన్సిల్‌తో తేదీ వేయండి. పుట్టీ డబ్బాతో ఎవరొచ్చినా ముందు కాగితం మీద సంతకం అడగండి. కోర్టు ఫీజుకు భయమైతే 15100కు ఫోన్ చేయండి, న్యాయ సేవల సంస్థ పలుకుతుంది. లోక్ అదాలత్‌లో ఫీజు ఉండదు. దావాకు గడువు మూడేళ్లు. మీరు పెన్సిల్‌తో వేసిన తేదీని ఆ మూడేళ్లూ చెరగనివ్వకండి.